కాశీయాత్ర: ఏ గుడికి ఏ వేళ, ఏ రేవులో స్నానం

కాశీలో మనవాళ్ళు చూడాలనుకునేవి దాదాపు అన్నీ గంగ పడమటి గట్టున, అస్సీ నుంచి రాజఘాట్ దాకా ఉన్న ఆరేడు కిలోమీటర్లలోనే ఉన్నాయి. అయినా మూడు రోజులు ఉండి కూడా వారాహి అమ్మవారిని చూడకుండా, కాలభైరవుడి గుడి మూసిన తలుపులకి దండం పెట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు ఎందరో. ఒక గుడి పొద్దున ఎనిమిది దాటితే మూసేస్తారు. ఇంకోటి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. మరోచోట హారతి జరుగుతున్నంతసేపూ క్యూ కదలదు. అందుకే గుళ్ళ జాబితా రాసుకునే ముందు ఏ గంటకి ఎక్కడుండాలో రాసుకోవాలి.

ఎన్ని రోజులు, ఏ నెలలో

ఆచారం ప్రకారం తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు. కుదరనివాళ్ళు మూడు నిద్రలు చేస్తారు. ఆచారం సంగతి పక్కన పెట్టినా మూడు రాత్రులకి తగ్గించుకోవద్దు. రైలు దిగిన పూట అలసటకే పోతుంది. విశ్వనాథుడికి ఒక తెల్లవారుజాము, వారాహి, కాలభైరవులకి ఇంకో తెల్లవారుజాము, పితృకార్యం ఉంటే దానికో పొద్దు, గంగా హారతికి ఒక సాయంత్రం, ఇంతే లెక్క. ప్రయాగ, గయ కూడా కలుపుకుంటే ఆరు రోజులు పెట్టుకోండి. ఒకటిన్నర రోజులో కాశీ చూపించి అయోధ్యకి తీసుకుపోయే టూర్ ప్యాకేజీల్లో పెద్దవాళ్ళని పంపకపోవడమే మేలు. గుడి తలుపులు తెరిచి ఉండే వేళలకీ వాళ్ళ బస్సు వేళలకీ పొత్తు కుదరదు.

అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటివారం దాకా, మళ్ళీ ఫిబ్రవరి, మార్చి నెలలు హాయిగా ఉంటాయి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ రోజుల్లో వెళ్తే తిరుగు ప్రయాణానికి ముందురోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా వదిలేయండి. ఏప్రిల్ చివరినుంచి జూన్ దాకా పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మెట్ల రాళ్ళు కాలిపోతుంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా గంగ పెరిగి కింది మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు, ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకి గట్టు వెంట నడిచే దారి తెగిపోతుంది. వరద తీశాక మెట్ల మీద మోకాలెత్తు ఒండ్రు పేరుకుంటుంది. దాన్ని మోటార్లతో నీళ్ళు కొట్టి కడగడానికి వారాలు పడుతుంది. దసరాకే వెళ్ళేవాళ్ళకి చాలా ఘాట్లలో బురదే కనిపించేది ఇందుకే.

కార్తీకం మనవాళ్ళకి ఇష్టమైన నెల, కాబట్టి ఆ నెలంతా ఆంధ్ర సత్రాలు కిటకిటలాడతాయి. కార్తీక పౌర్ణమినాడు జరిగే దేవ దీపావళికి ఘాట్లన్నీ దీపాలతో నింపుతారు. చూడదగ్గదే, కానీ ఆ రెండు రోజులు పడవ ధర మామూలుకి ఎన్నో రెట్లు పలుకుతుంది, గదులు నెలల ముందే నిండిపోతాయి. శాంతంగా దర్శనం చేసుకోవాలంటే పౌర్ణమి, శ్రావణ సోమవారాలు, మహాశివరాత్రి వదిలిపెట్టండి. ఉత్తరాదివాళ్ళ శ్రావణం మన శ్రావణం కంటే పదిహేను రోజులు ముందే, పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. మన పంచాంగం చూసి ఆషాఢంలో ఖాళీగా ఉంటుందని బయల్దేరితే కావడి యాత్రికుల మధ్యలో పడతారు.

దిగే స్టేషన్, ఉండే చోటు

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళే రైళ్ళు కొన్ని వారణాసి జంక్షన్‌కి వస్తాయి, కొన్ని బనారస్ స్టేషన్‌కి (పాత మండువాడీహ్), మరికొన్ని ఊళ్ళోకి రాకుండా పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ మీదుగా పోతాయి. ఈ మూడోది 2018 దాకా మొఘల్‌సరాయి. ఆటోవాళ్ళు ఇప్పటికీ అదే పేరు వాడతారు. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్ళే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ అక్కడే ఆగుతుంది. అక్కడినుంచి కాశీ 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాజఘాట్ వంతెన మీద ట్రాఫిక్ ఉంటే గంట పైనే పడుతుంది. వారణాసికి టికెట్ దొరకలేదని నిరాశపడకుండా ఈ జంక్షన్ పేరుతో కూడా వెతకండి. విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో బాబత్‌పూర్‌లో ఉంది.

ఉండే చోటు విషయంలో మాత్రం బేరం లేదు. కేదార ఘాట్‌కీ దశాశ్వమేధ ఘాట్‌కీ మధ్య, గంగకి అయిదు నిమిషాల నడకలో ఉండాలి. స్టేషన్ దగ్గర ఏసీ గది చవగ్గా దొరుకుతుంది, కానీ తెల్లవారుజామున రెండింటికి బయల్దేరాల్సిన రోజున ఆ చవక ఖరీదైపోతుంది. పగటిపూట కార్లు, ఆటోలు గోదౌలియా కూడలి దగ్గరే ఆపేస్తారు. అక్కడినుంచి ఘాట్‌కి, గుడికి నడకే. మానసరోవర్, పాండే హవేలీ, కేదార ఘాట్ ప్రాంతం పూర్వం నుంచీ దక్షిణాదివాళ్ళది. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, కరివేన నిత్యాన్నదాన సత్రం లాంటివి మనవాళ్ళకి తెలిసినవే. హనుమాన్ ఘాట్ దగ్గర కంచి మఠం, గోదౌలియా దగ్గర తమిళ చెట్టియార్లైన నాట్టుకోట్టై నగరత్తార్ల సత్రం, జంగమవాడి మఠం ఉన్నాయి. సత్రాలకి ముందుగా ఫోన్ చేసి, ఎవరికి గదులిస్తారో, ఎన్నాళ్ళుండనిస్తారో అడిగి తెలుసుకోండి. ఒంటరిగా వచ్చే మగవాళ్ళకి గది ఇవ్వని చోట్లు ఉంటాయి. అందరికీ ఆధార్ ఒరిజినల్ దగ్గరుండాలి. మధ్యాహ్న భోజనానికి పొద్దున్నే పేరు రాయించుకోవాలి. పదకొండింటికి వచ్చి అడిగితే వండింది అందరికీ సరిపోదు మరి.

కేదార ఘాట్ సందుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, పడవవాళ్ళు, కొట్లవాళ్ళు తెలుగులో పలకరిస్తారు. తెలుగు వచ్చినంత మాత్రాన ధర తక్కువ చెబుతారని కాదు.

దారి తప్పితే కంగారు అక్కర్లేదు. సందు ఏదైనా పల్లం వైపు నడిస్తే గంగకే చేరుతుంది. ఒడ్డుకి వచ్చాక ప్రతి ఘాట్ పేరూ గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి గుర్తుపెట్టుకోవలసిన వరస ఇది: అస్సీ, తులసి, హనుమాన్, హరిశ్చంద్ర, విజయనగరం, కేదార, మానసరోవర్, దశాశ్వమేధ, మాన్‌మందిర్, మీర్, లలిత, మణికర్ణిక, పంచగంగ, చివర రాజఘాట్. విజయనగరం ఘాట్ మన విజయనగరం సంస్థానం వాళ్ళు కట్టించిందే. కేదార నుంచి దశాశ్వమేధానికి గట్టు వెంట కిలోమీటరు. అస్సీ నుంచైతే మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది.

గంగ స్నానం

దశాశ్వమేధంలో స్నానం చేసి తీరాలని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు. అక్కడ పడవలు, జనం, పూజాసామాను, అన్నీ ఒకేచోట. పెద్దవాళ్ళతో వెళ్తే కేదార ఘాట్ లేదా హనుమాన్ ఘాట్ నయం. వేళ సూర్యోదయానికి ముందు నుంచి ఏడింటి దాకా. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డున ఉన్నాయి. కాబట్టి నీళ్ళలో నిలబడి నదివైపు చూస్తే ఎదురుగానే సూర్యుడు. అర్ఘ్యం ఇవ్వడానికి ఇంతకంటే అనువైన ఒడ్డు లేదు.

ప్రమాదమంతా నీళ్ళలో మునిగిన మొదటి రెండు మెట్ల దగ్గరే ఉంది. తడిసి ఆరే మెట్టు గట్టిగానే ఉంటుంది, దాని కింది మెట్టుకి పాచి పట్టి ఉంటుంది. నిలబడి దిగకుండా, పొడి మెట్టు మీద కూర్చుని కాళ్ళు ముందుకి జరుపుకుంటూ దిగాలి. గొలుసు గానీ కమ్మీ గానీ ఉన్నచోటే దిగండి. మెట్లు అయిపోయాక నేల ఒక్కసారిగా లోతైపోతుంది, ప్రవాహం పైకి కనిపించదు. ఈత వచ్చినవాళ్ళు కూడా కమ్మీ దాటకూడదు. కంటికి ఖాళీగా కనిపించే చోటు వెతుక్కుని దిగడం మాత్రం పొరపాటు. అక్కడ ఎవరూ దిగడంలేదంటే లోతో, విరిగిన మెట్లో ఉన్నట్టే.

దిగేముందు చేత్తో నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకుని, ఆ తర్వాత కాలు పెట్టడం పద్ధతి. సంకల్పం చెప్పుకునే అలవాటున్నవాళ్ళు ఇంట్లో చెప్పే దేశ సంకీర్తన ఇక్కడ మార్చుకోవాలి. శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణాగోదావర్యోః మధ్యదేశే అనేచోట 'అవిముక్త వారాణసీ క్షేత్రే, ఆనందవనే, మహాశ్మశానే, గౌరీముఖే, భాగీరథ్యాః పశ్చిమే తీరే' అని చెప్పాలి. మూడు మునకలు వేసి, అర్ఘ్యం ఇచ్చి, తర్పణాలుంటే విడిచి పైకి రావాలి. సబ్బు, షాంపూ నీళ్ళలోకి తేవద్దు, విడిచిన బట్టలు గంగలో వదలొద్దు. ఒడ్డున బుట్టల్లో వేస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, లేదా మీరే గదికి తెచ్చుకోండి.

ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు అన్ని ఘాట్లలో లేవు. ముదురు రంగు చుడీదార్ గానీ మందమైన నూలు చీర గానీ కట్టుకుని, పెద్ద తువ్వాలు కప్పుకుని గదికి వెళ్ళి మార్చుకోవడమే సులువు, అందుకే గది దగ్గరుండాలన్నది. బంగారం, ఫోను, గది తాళంచెవి ఒకరి చేతికిచ్చి ఆ ఒక్కరూ పైన కూర్చోవాలి. అందరూ ఒకేసారి దిగకూడదు. ఒడ్డున పురోహితుడు పిలవకుండానే బొట్టు పెట్టి, చేతిలో పువ్వు పెట్టి సంకల్పం మొదలుపెడితే చివర అడిగే దక్షిణ మీరు అనుకున్నది కాదు. వద్దనుకుంటే పువ్వు చేతిలోకి తీసుకోకముందే నమస్కారం పెట్టి కదిలిపోండి.

విశ్వనాథుడి దర్శనం

ఆలయం తెల్లవారుజామున రెండున్నరకి తెరుస్తారు. మూడింటినుంచి నాలుగింటిదాకా మంగళహారతి, నాలుగు తర్వాత సర్వదర్శనం. పదకొండుంబావు నుంచి పన్నెండుంబావు దాటేదాకా భోగ హారతి, సాయంత్రం ఏడింటినుంచి ఎనిమిదుంబావుదాకా సప్తర్షి హారతి, తొమ్మిదింటినుంచి శృంగార హారతి, పదిన్నరకి శయన హారతి, పదకొండింటికి మూత. హారతి వేళల్లో టికెట్ ఉన్నవాళ్ళనే లోపల కూర్చోబెడతారు, మిగతా క్యూ నిలిచిపోతుంది. పొద్దున పదిన్నరకీ సాయంత్రం ఆరున్నరకీ వరసలో చేరేవాళ్ళు అనవసరంగా గంట అదనంగా నిలబడతారు. తెల్లవారుజామున నాలుగున్నరకి వరసలో ఉండండి, లేదా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య వెళ్ళండి. అందరూ భోజనాలకి పోయే వేళ అది.

మామూలు వరసలో నిలబడకుండా త్వరగా వెళ్ళే సుగమ దర్శనం టికెట్ మామూలు రోజుల్లో సుమారు 300 రూపాయలు. రద్దీ రోజుల్లో ధర పెంచుతారు, లేదా అసలు అమ్మరు. మంగళహారతి టికెట్ అంతకంటే ఎక్కువ, ఆన్‌లైన్‌లో త్వరగా అయిపోతుంది. రెండున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. ఒక శాస్త్రి, అయిదుగురు, పదకొండుమంది శాస్త్రులతో చేయించే రుద్రాభిషేకాలకి కూడా దేవస్థానమే టికెట్లు అమ్ముతుంది. వెబ్‌సైట్‌లో గానీ ఆలయ కౌంటర్లో గానీ తప్ప ఇంకెక్కడా కొనొద్దు. గోదౌలియాలో మెడలో కార్డు వేసుకుని వీఐపీ దర్శనం చేయిస్తానని వెంటబడేవాడు మిమ్మల్ని ఒక పూలకొట్టు దాకా తీసుకెళ్ళి, అక్కడినుంచి మామూలు వరసలోనే నిలబెడతాడు.

2021 డిసెంబరు 13న కొత్త ప్రాంగణం తెరిచాక దారులు మారాయి. చౌక్ రోడ్డు మీదున్న నాలుగో నంబరు గేటు అందరికీ తెలిసింది, కాబట్టి రద్దీ కూడా అక్కడే. ఢుంఢి గణపతి వైపు ఒకటో గేటు, సరస్వతి ఫాటక్ వైపు రెండోది, లలితా ఘాట్ నుంచి గంగాద్వారం. గంగలో మునిగి నేరుగా దర్శనానికి వెళ్ళాలనుకునేవాళ్ళకి గంగాద్వారం బాగుంటుంది. మెట్లు ఎక్కలేనివాళ్ళకి రోడ్డు వైపు గేట్లే నయం, అడిగితే వీల్‌చైర్ ఏర్పాటు ఉంటుంది.

ఫోను, స్మార్ట్‌వాచ్, ఇయర్‌ఫోన్లు, పవర్‌బ్యాంక్, పెన్ను, బ్యాగు ఏవీ లోపలికి రానివ్వరు. దేవస్థానం లాకర్లు ఉచితం. అవి నిండిపోతే పూజసామాను కొట్లవాళ్ళు లాకర్ ఇస్తామంటారు. ఇచ్చేది ఉచితమే, కానీ పూలబుట్ట కొనాలి, దాని ధర తిరిగొచ్చాక చెబుతారు. బుట్ట చేతిలోకి తీసుకునే ముందే ధర ఖాయం చేసుకోండి, చేసుకున్నాక ఒక్కో వస్తువూ తీసి చూడండి. మారేడు దళాలు, పూలు, చిన్న పాల గిన్నె చాలు. అసలు గదిలోనే ఫోన్లు వదిలేసి రావడం అన్నిటికంటే సుఖం.

ఫోన్లు లేనప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది. లోపల మగవాళ్ళు, ఆడవాళ్ళు విడిపోతారు, బయటికి వచ్చే గేటు వెళ్ళిన గేటు కాకపోవచ్చు. ఎక్కడ కలుసుకోవాలో ముందే ఒప్పందం చేసుకోండి. పెద్దవాళ్ళ జేబులో బస పేరు, ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. ఫోను లేదంటే ఫోన్‌పే కూడా లేనట్టే, కాబట్టి పది, యాభై రూపాయల నోట్లు విడిగా ఉంచుకోవాలి.

గర్భగుడి దగ్గర మీకు దొరికేది రెండు మూడు క్షణాలు. లింగం గది మధ్యలో ఎత్తున ఉంటుందనుకుని ఎదురుగా చూస్తూ చాలామంది దాటిపోతారు. విశ్వేశ్వరుడు ఒక మూలకి, వెండి తొడుగు వేసిన చదరపు కుండంలో, నేలమట్టానికి దగ్గరగా ఉంటాడు. పూలు కప్పేసి ఉంటే నల్లరాయి పైభాగమే కనిపిస్తుంది. గుమ్మం రాగానే చూపు కిందికి దించండి. స్పర్శ దర్శనం ఎప్పుడూ ఉండదు. రద్దీలో గుమ్మం బయటినుంచే దర్శనం. ఆ రోజుల్లో పాలు, నీళ్ళు గుమ్మం దగ్గర అమర్చిన పాత్రలో పోస్తే లోపలికి పారతాయి. స్పర్శ దర్శనం ఎప్పుడుందో ముందురోజు సాయంత్రం కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి. మగవాళ్ళు పంచె, ఆడవాళ్ళు చీర కట్టుకుని వెళ్తే దుస్తుల దగ్గర ఏ పేచీ రాదు. బయటికి వచ్చాక తలెత్తి శిఖరం చూడండి. 1780 ప్రాంతంలో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన గుడికి మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చిన బంగారంతో వేసిన తాపడం అది.

మిగతా దేవుళ్ళు, వాళ్ళ వేళలు

ఏమేం చూడాలన్నదానికి పాత శ్లోకమే సరిపోతుంది: విశ్వేశం మాధవం ఢుంఢిం దండపాణిం చ భైరవం, వందే కాశీం గుహాం గంగాం భవానీం మణికర్ణికాం. ఇందులో భవాని అంటే అన్నపూర్ణ. మాధవుడు అంటే పంచగంగ ఘాట్ పైన ఉన్న బిందుమాధవుడు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద ఒడ్డునుంచే దండం పెట్టుకోవచ్చు.

విశ్వనాథుడి దర్శనం అవగానే అన్నపూర్ణ గుడి పక్కనే. బంగారు అన్నపూర్ణని మాత్రం ఏడాదికి కొద్దిరోజులే, ధనత్రయోదశి నుంచి అన్నకూటం దాకానే చూపిస్తారు. అక్కడినుంచి మీర్ ఘాట్ వైపు పదినిమిషాలు నడిస్తే విశాలాక్షి. నగరత్తార్లు కట్టించిన గుడి కాబట్టి గోపురం చూడగానే మన వైపుదని తెలిసిపోతుంది. ముందున్న పెద్ద విగ్రహానికి మొక్కి వెనుతిరక్కండి. దాని వెనక ఉన్న చిన్న మూర్తే ఆది విశాలాక్షి, పక్కకి వంగి చూస్తే కనిపిస్తుంది.

వారాహి అమ్మవారి గుడి మాన్‌మందిర్, త్రిపురభైరవి ఘాట్ల వెనక సందులో ఉంది. తెల్లవారుజామున తెరిచి ఎనిమిది, ఎనిమిదిన్నరకి మూసేస్తారు, మళ్ళీ మర్నాడే. ఆరింటికల్లా వెళ్ళండి, శుక్రవారం, పంచమి అయితే అయిదింటికే. అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది, కిందికి ఎవరినీ పోనివ్వరు. పైనేలలో రెండు కంతలుంటాయి. మోకాళ్ళ మీద వంగి ఒకదాంట్లోంచి చూస్తే ముఖం, రెండోదాంట్లోంచి పాదాలు. కళ్ళు చీకటికి అలవాటు పడకముందే వెనకవాళ్ళు తొందర పెడతారు కాబట్టి వంగేముందు ఒక క్షణం కళ్ళు మూసుకుని ఉంటే బాగా కనిపిస్తుంది. కళ్ళజోడు చేత్తో పట్టుకోండి.

కాలభైరవుడు పొద్దున అయిదింటినుంచి మధ్యాహ్నం ఒంటిగంటన్నరదాకా, మళ్ళీ నాలుగున్నరనుంచి రాత్రిదాకా. ఆది, మంగళవారాల్లో సందు చివరిదాకా వరస ఉంటుంది. ఊరికి కొత్వాలు కాబట్టి ముందు ఆయన దగ్గర అనుమతి తీసుకోవాలని కొందరు, చివర సెలవు తీసుకోవాలని కొందరు అంటారు. వారాహి అయ్యాక అటే మైదాగిన్ వైపు టోటో ఎక్కితే ఒక్క పొద్దుతో రెండూ అయిపోతాయి. ఈ-రిక్షాని ఇక్కడ టోటో అంటారు. నల్లటి కాశీతాళ్ళు గుడి ముందు కట్టలుగా కొనుక్కోండి, సందు మొదట్లో ఇంకా ఎక్కువ చెబుతారు. నెమలి ఈకల కట్టతో వీపుమీద తట్టి దక్షిణ అడిగేవాళ్ళకి ఇవ్వాలో వద్దో మీ ఇష్టం, నిర్బంధమేమీ లేదు.

సంకటమోచన్ హనుమంతుడు, దుర్గాకుండ్, తులసి మానస మందిరం ఒకే వైపు ఉన్నాయి, ఒక సాయంత్రం ఆటోలో చుట్టేయవచ్చు. మంగళ, శనివారాలు వద్దు, రద్దీ ఎక్కువ. కోతులు కళ్ళజోళ్ళు లాక్కుంటాయి.

పితృకార్యం

గోత్రం, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, తల్లివైపు మూడు తరాల పేర్లు, ఇంకా మేనమామలు, అత్తలు, గురువులు, స్నేహితులు ఎవరెవరికి పిండం వేయాలనుకుంటున్నారో వాళ్ళందరి పేర్లూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అక్కడ కూర్చున్నాక ముత్తవ్వ పేరు గుర్తురాక ఇంటికి ఫోన్లు చేయడం రోజూ కనిపించేదే. తెలుగు పురోహితులు సత్రాల్లోనే దొరుకుతారు. మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు విడివిడిగా అడగాలి: దక్షిణ ఎంత, సామాను అందులో కలిసిందా, పడవ ఖర్చు ఎవరిది, చివర దానాలకి విడిగా ఎంత అవుతుంది. గొడవలన్నీ నాలుగోదాని దగ్గరే వస్తాయి. గోదానం, వస్త్రదానం, స్వయంపాకం అంటూ ఒక్కొక్కటే పెరుగుతుంది. మొత్తం ఇంత అని ముందు చెప్పించుకుంటే ఇద్దరికీ మర్యాద.

అస్థి నిమజ్జనానికి విమానంలో వెళ్ళేవాళ్ళు మరణ, దహన ధ్రువపత్రాల కాపీలు వెంట ఉంచుకోవాలి, విమానసంస్థని ముందే అడగాలి. అకాలమరణం పొందినవాళ్ళకి చేసే త్రిపిండి శ్రాద్ధం పిశాచమోచన కుండం దగ్గర. అది గంగ ఒడ్డున లేదు, ఊళ్ళో ఉంది.

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో చితులు రాత్రింబగళ్ళు కాలుతుంటాయి. ఫోటోలు తీయకూడదు. పైనుంచి బాగా కనిపిస్తుందని మేడ ఎక్కించి, దిక్కులేనివాళ్ళ దహనానికి కట్టెల కోసం విరాళమంటూ వేలల్లో అడిగేవాళ్ళు మణికర్ణిక దగ్గర మకాం వేసి ఉంటారు. వెంట వెళ్ళకపోతే చాలు.

పడవ, హారతి

పడవ పొద్దున ఎక్కాలి. సూర్యోదయానికి పావుగంట ముందు కేదార ఘాట్‌లో ఎక్కితే మణికర్ణిక దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి గంటన్నర. బేరం మనిషికా, పడవకా, ఎక్కడిదాకా, ఎంతసేపు, దింపేది ఎక్కినచోటేనా, ఇవి తేల్చుకున్నాకే కాలు పెట్టండి. షేరింగ్ పడవలో సీట్లు నిండేదాకా కదలరు, సూర్యుడు ఆగడు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

దశాశ్వమేధంలో గంగాహారతి చలికాలం ఆరింటి ప్రాంతంలో, ఎండాకాలం ఏడింటి ప్రాంతంలో మొదలై ముప్పావుగంట జరుగుతుంది. మెట్లమీద చోటు కావాలంటే గంట ముందు కూర్చోవాలి. పడవలోంచి అయితే హారతి ఇచ్చేవాళ్ళు ఎదురుగా కనిపిస్తారు. కానీ ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు కాబట్టి మధ్యలో దిగడం కుదరదు, చిన్నపిల్లలున్నవాళ్ళకి అది కష్టం. అయిపోగానే జనమంతా గోదౌలియా వైపు పోటెత్తుతారు. మీరు ఆ దారి పట్టకుండా గట్టు వెంట దక్షిణానికి నడుచుకుంటూ కేదార ఘాట్‌కి వచ్చేయండి, పావుగంటలో గదిలో ఉంటారు. వరదల కాలంలో హారతి పైన మేడమీదికి మారుతుంది, అప్పుడు చూసేచోటు తక్కువ.

ప్రయాగ, గయ

ప్రయాగ 120 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున అయిదింటికి కారులో బయల్దేరితే సంగమస్నానం, వేణీదానం, పెద్ద హనుమంతుడు, అలోపీదేవి చూసుకుని చీకటిపడేసరికి తిరిగి రావచ్చు. వేణీదానం దంపతులకి. భర్త భార్య జుట్టు దువ్వి జడవేసి, చివర రెండంగుళాలు కత్తిరించి సంగమంలో వదులుతాడు. దువ్వెన, చిన్న కత్తెర, పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ మీరే తీసుకెళ్తే అక్కడ ఇరవై నిమిషాల పని. సంగమానికి పడవ ధర ఒడ్డున బోర్డుమీద చూసి మాట్లాడండి.

గయ 250 కిలోమీటర్ల దాకా. రోడ్డు కంటే రైలు నయం. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ నుంచి రైళ్ళు ఎక్కువ, మూడు గంటల్లోపే చేరుతుంది. ఫల్గుణీ నది, విష్ణుపాదం, అక్షయవటం, మూడుచోట్లా పిండాలు పెట్టేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ రాత్రి గయలోనే ఉండండి. ఫల్గుణీ నదిలో ఇదివరకు ఏడాదిలో చాలాకాలం పైకి నీళ్ళుండేవి కావు, ఇసుకలోనే కార్యం జరిగేది. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టాక విష్ణుపాదం దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. ఎండాకాలం అయితే అరికాళ్ళకి గోనెపట్టా గానీ చాప గానీ కావాలి. ప్రయాగలో మాధవేశ్వరి (అలోపీదేవి), గయలో మాంగళ్యగౌరి, కాశీలో విశాలాక్షి, ఈ మూడు ఊళ్ళతో అష్టాదశ శక్తిపీఠాల్లో మూడు చూసినట్టవుతుంది.

గంగాజలం

కాశీనుంచి గంగ తేకూడదు, ప్రయాగ నుంచే తేవాలని చాలా ఇళ్ళలో పట్టింపు. ఇంట్లో పెద్దవాళ్ళని ముందే అడిగి వెళ్ళండి. ఘాట్లలో మూసి అమ్మే చిన్న రాగిచెంబుల్లో ఏ నీళ్ళున్నాయో చెప్పలేం. ఖాళీ చెంబులు కొని, మీరే నింపి, కొట్టువాడిచేత మూతకి మాటు వేయించుకోండి. మాటు వేసేముందు చెంబు మెడ దగ్గర తడి పూర్తిగా తుడవాలి, తడి ఉంటే సీసం సరిగా అంటుకోక దారిలో కారుతుంది. నోటి అంచుదాకా నింపకుండా వేలెడు ఖాళీ ఉంచండి. వేసిన తర్వాత పదినిమిషాలు తలకిందులుగా కాగితం మీద పెట్టి చూసుకుని అప్పుడు డబ్బివ్వండి. విమానంలో చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసేయవచ్చు, చెంబులన్నీ పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టి చెక్-ఇన్ చేయాలి. సమారాధనకి పిలిచేవాళ్ళ ఇళ్ళు లెక్కపెట్టుకుని నాలుగు చెంబులు అదనంగా తీసుకోండి.